గుట్ట ఎక్కొచ్చు, లొద్ది దిగితేనే కష్టం

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకే అక్టోబర్‌లో రెండు రోజులు నల్లమల వైపు పోదామనుకున్నప్పుడు నేను ముందు లెక్కేసింది కిలోమీటర్లు కాదు, మెట్లు.

మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట దాకా దారి పొడవునా గుండ్లే. ఎవరో ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుంటాయి. గ్రానైట్ పగుళ్లలోకి నీళ్లు దిగి, అంచులు మెత్తబడి మట్టయి కొట్టుకుపోతే మిగిలినవే ఈ గుండ్లు. మా వాడు రెండు చోట్ల కారాపించి ఎక్కి దిగాడు. టికెట్ లేదు, పార్కింగ్ లేదు.

ఉమామహేశ్వరం దగ్గరికి వచ్చేసరికి రాయి మారిపోతుంది. గుండ్లు పోయి, ఇటుక వరసల్లా పొరలు పొరలుగా కొండ అంచులు కనిపిస్తాయి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దీన్ని. బండి గుడి దాకా పోతుంది కాబట్టి అమ్మకు ఇబ్బంది లేకపోయింది. ముందుకు వాలిన రాతి కింద నడుచుకుంటూ పాపనాశనం అనే నీటి గుండం దాకా వెళ్తుంటే నెత్తి మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నా ఓటు దీనికే.

మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫర్హాబాద్ వ్యూ పాయింట్. అటవీ శాఖ సఫారీ బండిలోనే వెళ్లాలి. పులి కోసం వెళ్తే మూతి ముడుచుకుని రావడమే. మాకు కొండముచ్చులు, నాలుగు జింకలు కనిపించాయి. కానీ అసలు చూడాల్సింది అంచు. అప్పటిదాకా చదునుగా ఉన్న అడవి ఒక్కసారిగా తెగిపోతుంది. కిందెక్కడో మైదానం, చెరువులు. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే అంతా మసకే.

మల్లెలతీర్థం జలపాతం మాత్రం లొద్దిలో, అంటే లోతైన లోయలో ఉంది. సుమారు 350 మెట్లు దిగాలి. దిగేటప్పుడు పిల్లల కంటే నేనే ముందు, ఎక్కేటప్పుడు చెప్పకండి. అమ్మ పైనే కూర్చుంది. జలపాతం చల్లగా, బాగుంది. వానలు తగ్గాక వెళ్తేనే ఆ మెట్లకు న్యాయం, ఎండాకాలం వద్దు. ఈ అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు, తిరుగు ప్రయాణం దాన్నిబట్టి చూసుకోండి.

మొదటి రాత్రి దారిలో ఒక ఊళ్లో లాడ్జిలో దిగాం. ఫోన్‌లో ‘వేడినీళ్లు ఎప్పుడంటే అప్పుడు’ అన్నారు. తీరా చూస్తే గీజరే లేదు, పొద్దున అడిగి అడిగి ఒక బకెట్ తెప్పించుకున్నాం. మంచాలైతే శుభ్రంగానే ఉన్నాయి.

రెండో రోజు కొల్లాపూర్ మీదుగా సోమశిల. కాటేజీ ముందే కృష్ణ, శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు. కాస్త ఖర్చెక్కువైనా రెండు రాత్రులూ ఇక్కడే ఉండాల్సిందనిపించింది. ఒడ్డు దాకా వాలుగా పోతుంది కాబట్టి అమ్మ కూడా మెల్లగా దిగి పడవెక్కింది. అవతలి వైపు సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లు తగ్గితేనే బయటికొస్తుంది. పడవ అతను నీళ్లలోకి వేలు చూపించి, “ఇప్పుడు కిందున్నది అమ్మా” అన్నాడు. అమ్మ అక్కడి నుంచే దండం పెట్టుకుంది.

తిరిగొస్తూ కారులో అడిగింది: “అలంపురంల మెట్లెన్ని ఉంటయిరా?”