డ్రాక్మా సెట్టు: నాణెం పర్లేదు, చువ్వలే తేలిపోయాయి

ఏథెన్స్‌లో, ప్లాకా సందుల్లో ఒక దుకాణంలో కొన్నాను దీన్ని. పేరు చెప్పను, అలాంటివి అక్కడ బోలెడు. చిన్న చెక్కపెట్టెలో నాలుగు డ్రాక్మాల (డ్రాక్మా అంటే గ్రీకుల పాత డబ్బు) పాత నాణేనికి ఒక నకలు, ఆరు బుల్లి ఇనుప చువ్వలు, ఒక కరపత్రం. 25 యూరోలు.

నేను కొన్నదే ఆ చువ్వల కోసం. నాణేలు రాకముందు మాంసం గుచ్చి కాల్చే ఇనుప చువ్వలే డబ్బుగా చెల్లేవని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. గ్రీకులో చువ్వని ఒబెలోస్ అంటారు, ఒబోలోస్ అనే చిల్లర నాణేనికి ఆ పేరు అక్కణ్ణించే వచ్చింది. అలాంటివి ఆరు పట్టుకుంటే చెయ్యి నిండుతుంది కాబట్టి, గుప్పిట పట్టడం అనే అర్థమున్న క్రియ నుంచి డ్రాక్మా పుట్టింది. మన మాటలో చెప్పాలంటే పిడికెడు, అంతే! తర్వాత వెండి నాణేలు వచ్చినా ఆరు ఒబోలోస్‌లకి ఒక డ్రాక్మా అన్న లెక్క మాత్రం మారలేదు.

ఇంత చక్కని సంగతిని సెట్టు చేసినవాళ్ళు ఎలా పాడుచేశారంటే, చువ్వలు అగ్గిపుల్లలంత ఉన్నాయి. ఆరూ కలిపి రెండు వేళ్ళ మధ్య పట్టుకోవచ్చు, ఇంక పిడికిలి ఎక్కడ నిండుతుంది? ముందురోజే పానెపిస్టిమియు వీధిలోని నాణేల మ్యూజియంలో (ట్రాయ్ తవ్విన ష్లీమాన్ ఇల్లే అది) ఆర్గోస్ దగ్గర హేరా దేవత గుడిలో దొరికిన అసలు చువ్వల్ని చూశాను. తుప్పు పట్టి, మీటరు పైనే పొడవున్నాయి. వాటిని చూసొచ్చి ఈ పెట్టె తెరిస్తే నవ్వొచ్చింది.

నాణెం నయం. గుడ్లగూబ గుండ్రటి కళ్ళు, వెనక ఆలివ్ రెమ్మ, పక్కన నగరం పేరులోని మూడు అక్షరాలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కానీ కాటాలో పెడితే 11 గ్రాములే తూగింది, అసలుది దాదాపు 17 గ్రాముల వెండి. చేతిలో పెట్టుకోగానే ఆ తేడా తెలిసిపోతుంది.

కరపత్రం సంగతి చెప్పకపోతేనే మంచిది, అయినా చెప్తాను. దిర్హం నుంచి డ్రాక్మా వచ్చిందట! తలకిందులు చేశారు. అరబ్బులు దిర్హం కొట్టేనాటికి డ్రాక్మా నాణేనికి వెయ్యేళ్ళు దాటాయి. ఇదే మాట సంస్కృతంలో ద్రమ్మ అయి, ఎన్నో చేతులు మారి, చివరికి మన దమ్మిడీలో తేలింది.

ఐదుకి రెండున్నర ఇస్తాను, అదీ గుడ్లగూబ మొహం చూసి. అన్నట్టు, దుకాణంవాడు తిరిగిచ్చిన చిల్లరలో గ్రీసు ఒక యూరో నాణెం ఉంది, దానిమీద కూడా ఇదే నాణెం, ఇదే గుడ్లగూబ, ఇంకా బాగా చెక్కి ఉంది.