లైకా ఎం6 రీఇష్యూ: మిర్చి యార్డులో మూడు సీజన్లు వాడాక

గుంటూరు యార్డులో మాది కమీషన్ దుకాణం. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండాకాలం సెలవులిచ్చేదాకా తెల్లారేసరికి అక్కడుంటాను. లైకా ఎం6 అనే ఈ ఫిల్ము కెమెరాతో తీసిన ఫోటోల్లో సగానికి పైగా ఆ యార్డువే. కొనేముందు దీని మీద సమీక్షలు చాలా చదివాను. అన్నీ చలిదేశాల వాళ్ళు రాసినవే. మిర్చి దుమ్ములో, మన ఎండలో దీన్ని వాడితే ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

లైకా మొదటి ఎం6 వచ్చింది 1984లో. చిన్న మార్పులతో 2002 దాకా తయారైంది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2022 అక్టోబరులో, అదే పేరుతో మళ్ళీ విడుదల చేశారు. పాత కెమెరాను మళ్ళీ తయారు చేయడం వీళ్ళతోనే మొదలు కాలేదు. నికాన్ వాళ్ళు 2000లో ఎస్3ని, 2005లో ఎస్‌పీని కొద్ది సంఖ్యలో తిరిగి చేశారు. అవి ఎక్కువగా అద్దాల బీరువాల్లోకి వెళ్ళాయి. ఎం6 మాత్రం రోజూ వాడుకునేవాళ్ళ కోసం వచ్చిన కెమెరా. అమెరికాలో విడుదల ధర 5,295 డాలర్లు. 2023 సంక్రాంతి తర్వాత నేను కొన్నప్పుడు బిల్లుతో, వారంటీతో బాడీ ఒక్కటే 5,20,000 రూపాయలైంది. లైకా లెన్సు మళ్ళీ అంత డబ్బు, అది నా వల్ల కాలేదు. జపాన్‌లో కొసీనా వాళ్ళు చేసే ఫోక్ట్‌లాండర్ అల్ట్రాన్ 35 ఎంఎం ఎఫ్2 మరో 70,000 పెట్టి తీసుకున్నాను. ఈ మూడేళ్ళలో ఇంకో లెన్సు కావాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

అంతకుముందు మా బాబాయి యాషికా ఎలక్ట్రో 35 వాడేవాణ్ణి. అదీ రేంజ్‌ఫైండరే. దాంట్లో ఈ రకం కెమెరా రుచి తెలిసింది కాబట్టే ఇంత డబ్బు పెట్టే ధైర్యం చేశాను.

రేంజ్‌ఫైండర్ ఎప్పుడూ వాడనివాళ్ళకు ఆ రుచి ఏమిటో కాస్త దగ్గరగా చూపిస్తాను. కంటికి ఆనించుకుంటే ఎదురుగా ఉన్నదంతా కిటికీలోంచి చూసినట్టు దగ్గరా దూరం అన్నీ స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలో చిన్న లేత మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో వస్తువు రెండుగా కనిపిస్తుంది, ఎందుకంటే కెమెరా ముందున్న రెండు కిటికీల నుంచి వచ్చే బొమ్మలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రెండు కిటికీల మధ్య దూరం 69.25 మిల్లీమీటర్లు. లెన్సు తిప్పుతుంటే దాని వెనక అంచుకు ఆనుకున్న చిన్న చక్రం కదిలి, రెండో బొమ్మను పక్కకు జరుపుతుంది. నేను ఎక్కువగా టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర ఫోకస్ పెడతాను. కుట్టిన పురికొస మచ్చలో రెండు వరసలుగా కనిపిస్తుంది. వేలితో లెన్సు కొద్దిగా తిప్పగానే వరసలు దగ్గరకొచ్చి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒకే కుట్టు అవుతుంది. ఆ కలిసిన క్షణం చేతికి తెలిసిపోతుంది. మూడేళ్ళ తర్వాత కూడా అప్పుడు నాకు ఒళ్ళు కాస్త జలదరిస్తుంది. వేల ఫోటోలు తీసే డిజిటల్ కెమెరా నా దగ్గర ఉంది. అది ఫోకస్ తనే పెట్టేస్తుంది, ఈ కలవడం అనేది అందులో లేదు.

ఇంకొకటి, ఫ్రేము బయట ఏముందో కూడా కనిపిస్తుంది. 35 ఎంఎం లెన్సుకు ఫోటోలో ఎంతమేర వస్తుందో చూపే గీతలకు అవతల ఇంకా కొంత స్థలం ఉంటుంది. ముఠావాళ్ళు, అంటే బస్తాలు మోసే కూలీలు, టిక్కీ వీపు మీద వేసుకుని వస్తుంటే, గీత లోపలికి రాకముందే మనిషి కనపడతాడు. అడుగు పడే లయ చూసుకుని నొక్కొచ్చు. కొన్ని కెమెరాల్లోలా లోపలి అద్దం లేవడం ఉండదు కాబట్టి నొక్కినప్పుడు చూపు చీకటి కాదు, చప్పుడూ తక్కువ. మా ముఠా మేస్త్రీ ఒకరోజు పక్కనే నిలబడి, "ఏం బాబూ, తీశారా, ఇంకా తియ్యాలా?" అని అడిగాడు. అప్పటికి నాలుగు తీశాను.

పాతదానికీ కొత్తదానికీ తేడా ఉందా అని చాలామంది అడుగుతారు. ఉంది. పాత ఎం6 పైమూత జింకు మిశ్రమంతో పోత పోసింది, పెయింటు కింద బుడగలు లేచేవి. కొత్తది ఇత్తడి. పాతదాంట్లో ఎదురు వెలుతురు పడితే మధ్య మచ్చ తెల్లబోయి, రెండు బొమ్మలూ మాయమయ్యేవి. 2003లో వచ్చిన ఎంపీ మోడల్‌లో దాన్ని సరిచేశారు, కన్ను పెట్టి చూసే ఆ ఫైండరే ఇందులోనూ పెట్టారు. పొద్దున్నే తూర్పు గేటు వైపు తిరిగి తీసేవాణ్ణి కాబట్టి నాకు ఇదొక్కటే చాలా పెద్ద మేలు. వెలుతురు కొలిచే మీటరు పాతదాని మొదటి రకంలో రెండు బాణాలతోనే చూపించేది, ఇందులో మధ్యలో ఎర్రచుక్క కూడా ఉంది. చుక్క ఒక్కటే వెలిగితే వెలుతురు సరిపోయినట్టు. బ్యాటరీ అయిపోతే మీటరు మాత్రమే ఆగుతుంది. షట్టర్ మొత్తం మెకానికల్, సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు దాకా బ్యాటరీ లేకుండానే పనిచేస్తుంది. యాషికాలో బ్యాటరీ పోతే కెమెరా దాదాపు పోయినట్టే, పైగా దానికి సరిపోయే పాత మెర్క్యురీ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు.

మీటరు సంగతిలో మన దగ్గర ఒక జాగ్రత్త. షట్టర్ తెర మీద ఒక తెల్లటి గుండ్రటి గుర్తు ఉంటుంది, దాని మీద పడి తిరిగొచ్చిన వెలుతురునే ఇది కొలుస్తుంది. అంటే ఫ్రేము మధ్యభాగమే లెక్క. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న రైతు మధ్యలో ఉంటే, వెలుతురు ఎక్కువుందనుకుని తక్కువ చెప్తుంది. మొహం నల్లబడుతుంది. మొదటి రెండు రీళ్ళలో పల్నాడు నుంచి వచ్చిన పెద్దాయనల మొహాలు అలాగే పోయాయి. ఇప్పుడు నా అరచెయ్యి చూపించి కొలుస్తాను, దానికి ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువ ఇస్తాను. ఎర్రటి తేజ రకం మిర్చి కుప్ప మీద కొలిచినా దాదాపు సరిగ్గా వస్తుంది.

ఎండ దీనికి అసలు పరీక్ష. మార్చి, ఏప్రిల్‌లో పదకొండు గంటలకు ఐఎస్‌ఓ 400 ఫిల్ము (ఈ అంకె పెద్దదైతే ఫిల్ముకు తక్కువ వెలుతురు చాలు) వేసి ఉంటే, వెయ్యో వంతు సెకనులో కూడా లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్11 పెట్టాలి. ఎఫ్2 దాకా పెద్దగా తెరుచుకునే లెన్సుకి డబ్బు పెట్టిందెందుకు అనిపిస్తుంది. బయట వెనకభాగం మసగ్గా రావాలంటే వెలుతురు ఐదు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాల్సిందే. నేను బయటకు ఐఎస్‌ఓ 200 ఫిల్ము, షెడ్డు లోపలికి 400 అని రోజును రెండుగా పంచుకున్నాను. ఇంకో ముఖ్యమైన మాట: ఇందులో షట్టర్ రబ్బరు పూసిన గుడ్డ. ముందు అద్దం అడ్డు ఉండదు కాబట్టి లెన్సు సూర్యుడి వైపు తిరిగి ఉంటే భూతద్దం పెట్టినట్టు గుడ్డ కాలి చిల్లు పడొచ్చు. మూత పెడితే సరిపోతుంది కానీ, వ్యూఫైండర్‌లో మూత కనపడదు, మర్చిపోయి తీసేస్తాం. నేను మెడలో వేలాడేటప్పుడు లెన్సును ఎఫ్16లో, దగ్గరి దూరంలో పెట్టుకుంటాను. నా గుడ్డకు ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

రీలు మార్చడం వేరే కథ. వెనక తలుపు పూర్తిగా తెరుచుకోదు. కింది పళ్ళెం విప్పి, రీలు కిందనుంచి దూర్చాలి. మామూలుగా అందరూ ఆ పళ్ళేన్ని పళ్ళ మధ్య పట్టుకుంటారు. మిర్చి యార్డులో అది నోట్లో పెట్టుకునే పని కాదు, పెదవులు గంటసేపు మండుతాయి. నేను దుకాణం వెనకగదిలోకి వెళ్ళి, బల్ల మీద శుభ్రమైన తుండుగుడ్డ పరిచి మారుస్తాను. మొదట్లో ఫిల్ము కొస సరిగా పట్టుకోకుండా మూసేశాను. మా బాబాయి షష్టిపూర్తి రోజు 36 ఫోటోలు తీశాననుకున్నాను, ఫిల్ము అసలు కదలనే లేదు. పిన్నికి ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెగల్లేదు. లివర్ తిప్పినప్పుడల్లా ఎడమ పక్క రివైండ్ పిడి కూడా తిరుగుతోందా లేదా అని చూడటం అప్పటినుంచి అలవాటైంది. తిరిగితే ఫిల్ము నడుస్తున్నట్టు. కొత్తగా కొన్నవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

దుమ్ము లోపలికి పోలేదు. కానీ ఫైండర్ కిటికీల మీద ఎర్రటి పొడి పేరుకుంటుంది, మచ్చ మసకబారుతుంది. గాలి బల్బుతో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డ. ముందు గుడ్డ పెడితే గీతలు పడతాయి. వానాకాలంలో, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో, లెన్సులో బూజు భయం ఉంటుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాను.

రెండో ఏడు ఒక మరమ్మతు వచ్చింది. బండి ముందుభాగంలో పెట్టుకుని వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్ళొచ్చేవాణ్ణి. ఆ కుదుపులకు మచ్చలోని బొమ్మ కొంచెం పైకి జరిగింది. అడ్డంగా కలిసినా నిలువుగా కలవదు. సరిచేయించడానికి ఐదు వారాలు, 9,000 రూపాయలు పట్టాయి. రేంజ్‌ఫైండర్ కొనేవాళ్ళు ఈ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇప్పుడు భుజానికే తగిలించుకుని వెళ్తున్నాను.

ఇక నడిపే ఖర్చు. మూడు సీజన్లలో 110 రీళ్ళు తీశాను. అందులో 70 నలుపు తెలుపు, చాలావరకు ఇల్ఫర్డ్ హెచ్‌పీ5. సగటున 900 చొప్పున 63,000. రంగుల రీళ్ళు 40, ఎక్కువగా కొడాక్ గోల్డ్ 200. ఒక్కోటి 1,200, కడిగించి స్కాన్ చేయించి కొరియర్‌తో కలిపి ఇంకో 650. అది 74,000. రసాయనాలకు, డబ్బాలకు 12,000. మొత్తం 1,49,000. బాడీ, లెన్సు పక్కన పెట్టినా ఒక్కో ఫోటో సుమారు 38 రూపాయలు. రంగులవైతే 51. మా నాన్న రోజుల్లో స్టూడియోవాళ్ళు ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ చేసిన ఇందు ఫిల్ము వాడేవారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు నేను వేసే రీళ్ళు ఎక్కువగా ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో దిగుమతైనవే. ధర తగ్గుతుందని నేను అనుకోవడం లేదు.

నలుపు తెలుపు ఇంట్లోనే కడుగుతాను. డీ-76 అనే డెవలపర్‌లో ఒకటికి ఒకటి నీళ్ళు కలిపితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. ఆ 20 డిగ్రీలే గుంటూరులో కష్టం. ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్ళు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతాయి. కుండలో నీళ్ళకి ఫ్రిజ్ నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ, థర్మామీటరు చూసుకుంటూ 20కి తెస్తాను. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్ళు మూడూ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. తియ్యని రీళ్ళు ఫ్రిజ్‌లో స్టీలు డబ్బాలో ఉంటాయి. వాడేముందు రెండు గంటలు బయట పెట్టాకే మూత తియ్యాలి, లేకపోతే చెమ్మ పడుతుంది.

ఇంత డబ్బుకి ఫోటో నాణ్యత పెరిగిందా అంటే లేదు. ఫిల్ము అదే, లెన్సు ఏ ఎం-మౌంట్ (లైకా ఎం కెమెరాల్లో లెన్సు బిగించే అమరిక) బాడీకైనా సరిపోతుంది. అరవై ఏళ్ళ నాటి లైకా ఎం3కి తగిలించినా నెగటివ్ ఇలాగే వస్తుంది. నేను కట్టిన డబ్బు ఎదురెండలో తెల్లబోని ఫైండరుకి, వారంటీకి, కొత్త షట్టర్‌కి. రోజూ దుమ్ములోకి తీసుకెళ్ళేవాణ్ణి కాబట్టి నాకది పనికొచ్చింది. నెలకు ఒక రీలు తీసేవాళ్ళకు ఇది అవసరం లేదని గట్టిగా చెప్తాను. మంచి యాషికా ఎలక్ట్రో 35 గానీ, కానన్ కానోనెట్ గానీ వెతుక్కుని, మిగతా డబ్బు రీళ్ళకు పెట్టండి. అప్పు చేసి, వాయిదాల మీద కొనాలనుకునే కుర్రాళ్ళు ఇద్దరు నా దగ్గరకొచ్చారు. ఇద్దరికీ వద్దనే చెప్పాను. ఒకరు మా యాషికా తీసుకెళ్ళి ఇప్పటికి పదిహేను రీళ్ళు తీశారు, అందులో కొన్ని నావాటికంటే బాగున్నాయి.

కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకు ఇంకో మాట. ఈ ఫైండర్ 0.72 రెట్లు చూపిస్తుంది. అద్దాలతో చూస్తే 35 ఎంఎం గీతలు కష్టం మీద అందుతాయి, 28 ఎంఎం గీతల మూలలు అందవు. ఇది చేత్తో పట్టుకుని చూస్తే తప్ప తెలియదు. ఆదివారం యార్డుకు సెలవు కాబట్టి పొద్దున పూట నాకు ఖాళీయే. కొనాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్ళు గుంటూరు వస్తే ఒక రీలు వేసి చేతికిస్తాను, పది ఫోటోలు తీసి చూడండి. రోజూ పెట్టుకునే అద్దాలతోనే రండి.