అమ్మతో హైదరాబాద్ నుంచి డాలస్‌కి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్లే విమానం లేదు. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దగ్గరి దారి దాదాపు 14,400 కిలోమీటర్లు, అది ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. మనం మాత్రం మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి మారాలి. దుబాయ్ మీదుగా వెళ్లినా, లండన్ మీదుగా వెళ్లినా మొత్తం 15,400 కిలోమీటర్ల చుట్టుపక్కలే అవుతుంది. అందుకే టికెట్ కొనేముందు దూరం కన్నా, ఏ విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలో చూడమంటాను.

దుబాయ్ దారిలో మొదటి విమానం సుమారు 4 గంటలు, రెండోది ఏకంగా 16 గంటలు. లండన్ దారిలో రెండూ పదేసి గంటలు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని లండన్ వైపే తీసుకున్నాను. హీత్రోలో దిగేసరికి ఆవిడ పాదాలు వాచి చెప్పులు బిగుతైపోయాయి. అక్కడ మూడు గంటలకు పైగా టైం దొరికింది. కాళ్లు చాపుకుని కూర్చుంది, కాసేపు అటూ ఇటూ నడిచింది, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నది. రెండో విమానం ఎక్కేటప్పటికి వాపు చాలావరకు తీసింది. అదే పదహారు గంటల విమానమైతే ఆ పాదాలతో ఇంకో ఆరు గంటలు కూర్చోవాల్సిందే. సీట్లో పడగానే నిద్రపోయేవాళ్లకి మాత్రం దుబాయ్ దారే హాయి.

వీల్‌చైర్ టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి, దానికి డబ్బులు తీసుకోరు. శంషాబాద్‌లో కుర్చీ తోసిన అబ్బాయి "పాస్‌పోర్ట్ చేతిలనే పట్టుకో పెద్దమ్మా" అంటూ ఇమిగ్రేషన్ దాటించి గేటు దాకా తీసుకెళ్లాడు. అమ్మ టెన్షన్ సగం అక్కడే పోయింది.

లండన్ విమానం పొద్దున ఏడు ప్రాంతంలో, అంటే తెల్లవారుజామున మూడున్నరకల్లా అక్కడ ఉండాలి. ఆ వేళ రోడ్లు ఖాళీ, కాబట్టి సిటీలో ఉండేవాళ్లకి ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్ దండగ. ఖమ్మం, వరంగల్ నుంచి వచ్చే పెద్దవాళ్లు మాత్రం ముందురోజు సాయంత్రమే వచ్చి శంషాబాద్‌లో గది తీసుకుని నడుం వాల్చడం మంచిది. పుష్పక్ బస్సు చవకే గానీ, పెద్ద సూట్‌కేసులుంటే క్యాబే నయం.

ముందు న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగి, అక్కణ్నుంచి డాలస్ విమానం ఎక్కే టికెట్లు ఒక్కోసారి తక్కువకి దొరుకుతాయి. ఒంటరిగా వెళ్లే అమ్మానాన్నలకి అవి అస్సలు వద్దు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ఉంటుంది. సామాను కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఇంగ్లీషు అంతగా రానివాళ్లని ఆ హడావుడిలోకి నెట్టడం నాకు ఇష్టం లేదు.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది, డాలస్ నుంచి లండన్‌కి దాదాపు గంట తగ్గుతుంది. కానీ గడియారం ముందుకి జరుగుతుంది. సోమవారం సాయంత్రం డాలస్‌లో ఎక్కితే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఆ తేదీ ముందే చెప్పి పెట్టండి.