క్యాసియో సీటీ-ఎస్300, యమహా ఎఫ్310, వాక్స్ ఆంప్‌ప్లగ్ 2: హాస్టల్ గదిలో ఏది గట్టెక్కుతుంది?

షాపులో కీబోర్డు చూసేటప్పుడు అందరూ చేసే పని స్పీకర్ వాల్యూమ్ పెంచి వినడం. హాస్టల్‌కి చేరాక ఆ స్పీకర్‌తో పనే పడదు. ముగ్గురుండే గదిలో ఒకడికి తెల్లారితే ల్యాబ్ ఎగ్జామ్, ఇంకొకడు పదింటికే ముసుగు తన్నేస్తాడు, పక్క గదివాడు గోడ మీద దబదబా బాదుతాడు. అందుకే క్యాసియో కీబోర్డుకి, యమహా గిటారుకి, ఎలక్ట్రిక్ గిటారుకి గుచ్చే వాక్స్ బుల్లి ఆంప్‌కి ఇక్కడ మార్కులు వేసింది నాదం గొప్పతనానికి కాదు. చెవిలో పెట్టుకుని వాయించుకోవచ్చా, టేబుల్ దగ్గరున్న ఒకే ఒక్క సాకెట్‌తో గడుస్తుందా, ఆరు నెలలు మంచం పక్కన పడి ఉన్నా పాడవకుండా ఉంటుందా? చూసింది ఈ మూడే.

క్యాసియో సీటీ-ఎస్300

61 కీలు, బరువు 3.3 కేజీలు, పొడవు 93 సెంటీమీటర్లు, లోతు 25.6, ఎత్తు 7.3. దీని అసలు బలం ఈ అంకెల్లోనే ఉంది. స్టడీ టేబుల్ మూడడుగులే, అంటే 91 సెంటీమీటర్లే ఉన్నా రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు బయటికి వస్తుంది, అంతే. లోతు తక్కువ కాబట్టి వెనక లాప్‌టాప్ పెట్టుకునే చోటు మిగులుతుంది. పని అయ్యాక పిడి పట్టుకుని ఎత్తి బీరువా పక్కన నిలబెట్టేయొచ్చు.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. టేబుల్ 75 సెంటీమీటర్లు, దాని మీద కీబోర్డు. మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే కీలు మోచేతి కన్నా పైకి వచ్చేస్తాయి. మణికట్టు విరిచిపెట్టి అరగంట వాయిస్తే నొప్పి మొదలవుతుంది. కుర్చీ మీద దుప్పటి నాలుగు మడతలు వేసి అయిదారు సెంటీమీటర్లు పైకి లేస్తే సరిపోతుంది. మంచం మీద పెట్టుకుని బాసింపట్టు వేసి వాయించడం మాత్రం వద్దు. పరుపు మీద కీబోర్డు ఊగుతూ ఉంటే వేళ్ల బలం ఎప్పటికీ కుదురుకోదు.

తక్కువలో వస్తోందని సీటీ-ఎస్200 తీసుకుంటారు కొందరు. చూడ్డానికి రెండూ కవలలే. కానీ 200లో టచ్ రెస్పాన్స్ లేదు. మెల్లగా నొక్కినా, గట్టిగా కొట్టినా ఒకటే శబ్దం. పైగా 300కి ఎడమ పక్కన స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉంది, మన పాటలకి అది కావాలి. రేంజ్ రెండు సెమిటోన్లకి (నల్లవీ లెక్కేసి రెండు కీల దూరానికి) పెట్టుకుంటే చతుశ్రుతి రిషభం నొక్కి చక్రం పైకి తోసి అంతర గాంధారంలోకి జారొచ్చు. వీణ మీద గమకం పలికినట్టు పలుకుతుందని కాదు గానీ, సినిమా పాటకి చాలు. కీబోర్డు మొత్తం శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ కూడా పనికొచ్చేదే: పాడే అమ్మాయి శ్రుతి అయిదున్నర (జి షార్ప్) అయితే మైనస్ 4 పెట్టి, మీకు అలవాటైన సి నుంచే వాయించుకోవచ్చు.

హెడ్‌ఫోన్ సాకెట్ 3.5 మిల్లీమీటర్లది, ఫోన్ ఇయర్‌ఫోన్ నేరుగా దూరుతుంది. యమహా పీఎస్ఆర్-ఇ373 కీబోర్డుకి 6.3 మిల్లీమీటర్ల పెద్ద పిన్ను కావాలి, కన్వర్టర్ విడిగా కొనాలి. ఏ కీబోర్డుకైనా బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించి ఇయర్‌బడ్స్‌లో వాయిద్దామనుకుంటే మాత్రం డబ్బు దండగ. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. 120 టెంపోలో బీట్‌కి నాలుగు స్వరాలు వాయిస్తే ఒక్కో స్వరం నిలిచేది 125 మిల్లీసెకన్లే. అంటే ఇప్పుడు నొక్కిన స్వరం చెవికి చేరేసరికి వేలు తర్వాతి కీ మీదుంటుంది. వైరున్న హెడ్‌ఫోన్సే కొనండి, అదీ చెవిని పూర్తిగా మూసే రకం. ఓపెన్-బ్యాక్ రకం పక్క మంచానికి కూడా కచేరీ వినిపిస్తుంది. ఆడియో-టెక్నికా ఎటిహెచ్-ఎం20ఎక్స్ ఈ పనికి బాగుంటుంది. దాని వైరు 3 మీటర్లు, ఊడదీయడానికి వీల్లేనిది. మధ్యలో చుట్టి రబ్బరు బ్యాండు వేయకపోతే రూమ్‌మేట్ కాలికి చుట్టుకుంటుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా కీల టపటప బయటికి వినిపిస్తూనే ఉంటుంది. వాయించేవాడికి తెలియదు, పక్కవాడికి అదే చిరాకు. ఖాళీ సొరుగున్న ప్లైవుడ్ టేబుల్ అయితే డప్పులా పెంచి వినిపిస్తుంది. పాత యోగా మ్యాట్ ముక్క రెండు మడతలు వేసి కింద పరిస్తే చాలావరకు తగ్గుతుంది. ఇదే కారణంగా యమహా పీ-45 లాంటి 88 బరువు కీల పియానో హాస్టల్‌కి సిఫారసు చేయం. 11.5 కేజీల బరువు, 132 సెంటీమీటర్లకు పైగా పొడవు సరే, లోపలి సుత్తుల దెబ్బ స్టాండు మీదుగా నేలలోకి దిగి కింది గదిలో వినిపిస్తుంది.

కరెంటు విషయంలో వార్డెన్ అడిగితే ధైర్యంగా చెప్పొచ్చు. ఇది కెటిల్, ఇస్త్రీ పెట్టె బాపతు కాదు, ఫోన్ ఛార్జర్ బాపతు. కరెంటు పోతే ఆరు ఏఏ ఆల్కలైన్ సెల్స్‌తో దాదాపు 16 గంటలు నడుస్తుంది. గుర్తు పెట్టుకోవాల్సింది అడాప్టరు. క్యాసియోది 9.5 వోల్టులు, యమహా పీఎస్ఆర్‌లది 12 వోల్టులు. ఒకే గదిలో రెండు కీబోర్డులుంటే అడాప్టర్ల మీద పేరు రాసి స్టిక్కర్ అంటించండి. తారుమారు చేస్తే పోయేది అడాప్టరు కాదు, కీబోర్డు.

లోపాలూ ఉన్నాయి. స్పీకర్లు పల్చన, ఫ్రెషర్స్ పార్టీకి ఇదొక్కటీ చాలదు. వేలు తీసినా స్వరాన్ని నిలిపే సస్టెయిన్ పెడల్ విడిగా కొనాలి. పెడల్ తొక్కి పెట్టి రెండు చేతులా వాయిస్తే ఒకేసారి మోగగల 48 స్వరాల పరిమితి దాటి, మొదట నొక్కినవి మాయమవుతాయి. తబలా, తంబురా తోడుగా సాధన చేయాలనుకునేవాళ్లు యమహా పీఎస్ఆర్-ఐ500 కీబోర్డు చూడాలి. అందులోని రియాజ్ ఫంక్షన్ ఆ పనికే ఉంది.

యమహా ఎఫ్310

ఎఫ్310 గిటారు టాప్ (ముందు పలక) స్ప్రూస్ చెక్కే అయినా లామినేటే, అంటే పొరలు అతికించిన చెక్క. సాలిడ్ టాప్ కాదని షాపుల్లో ఇంకాస్త ఖరీదైనది అంటగట్టాలని చూస్తారు. హాస్టల్‌కి ఈ లోపమే వరం. సాలిడ్ చెక్క గాలిలో తేమతో పాటు ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పొరల చెక్క అంత తొందరగా కదలదు.

తొందరగా కదలదన్నానే గానీ అసలు కదలదని కాదు. గిటారుకి హాయిగా ఉండేది 45 నుంచి 55 శాతం తేమ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు చాలా నెలలు అంతకు మించే ఉంటుంది. అక్కడ టాప్ కాస్త ఉబ్బి తీగలు ఫ్రెట్‌బోర్డుకి (మెడ మీద వేళ్లు నొక్కే పలకకి) దూరమవుతాయి, తీగలు తుప్పు పడతాయి. బ్యాగులో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేయండి, వాయించాక తీగల కింద నుంచి కూడా పొడిబట్టతో తుడవండి. ఆదిలాబాద్, రామగుండం, వరంగల్ ఎండల్లో కథ తిరగబడుతుంది. ఫ్రెట్‌బోర్డు చెక్క కుంచించుకుపోతుంది, దాని మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు. మెడ అంచు మీద బొటనవేలు నిలువునా లాగితే ఫ్రెట్ల కొనలు రంపంలా గీరుకుంటాయి. అప్పుడు కావాల్సింది సిలికా జెల్ కాదు. చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో బాగా పిండేసిన తడి స్పాంజి పెట్టి బ్యాగులో ఉంచాలి, నాలుగు రోజులకోసారి మళ్లీ తడపాలి. కొన్ని వందల రూపాయలకి దొరికే తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి బ్యాగులో వేస్తే ఊహించాల్సిన పని ఉండదు.

కొత్త ఎఫ్310 తీసుకోగానే స్టీలు స్కేలుతో కొలవాల్సింది ఒకటుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ అడుగు నుంచి ఫ్రెట్ పైభాగానికి ఎంత ఎత్తుందో చూడండి. 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల లోపుంటే సరే. దాటితే వేళ్లు కోసుకుపోతాయి, ఒకే వేలితో తీగలన్నీ నొక్కే ఎఫ్ బారె కార్డు జన్మలో రాదు. ఊళ్లో ఉండగానే రిపేరు చేసేవాళ్ల దగ్గర తీగలు ఆనే శాడిల్ పట్టీ అరగదీయించండి. తీగలు 12–53 సైజు (సన్న, లావు తీగల మందం) నుంచి 11–52కి మార్చినా చేతికి తేడా తెలుస్తుంది. డిఆడారియో ఇజెడ్910 ఆ సైజే. మొదటి తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, రెండు విడిగా కొని దాచుకోండి. హాస్టల్లో గిటారు అడిగి తీసుకెళ్లిన ప్రతివాడూ తెంపేది దాన్నే.

మంచం కింద పెట్టకండి. రోజూ తుడిచే తడిగుడ్డ, ఫినాయిల్ నీళ్లు బ్యాగు అడుగుకి తగిలి, గుడ్డ ఆరక చెమ్మ చెక్కకి ఎక్కుతుంది. పై అంతస్తు గదిలో ఇనప బీరువా మీద కూడా వద్దు, స్లాబు వేడి నేరుగా తగులుతుంది. మంచానికీ గోడకీ మధ్య మూల నిలువుగా, కింద రెండు అంగుళాల థర్మాకోల్ ముక్క వేసి నిలబెట్టడం మేలు.

ప్రయాణంలో ఎండాకాలం బస్సు డిక్కీ ప్రమాదం. ఆరు తీగలూ కలిపి బ్రిడ్జిని (టాప్ మీద అతికించిన, తీగల కొనలు పట్టే చెక్కని) 70 కేజీల పైచిలుకు బలంతో లాగుతుంటాయి, వేడికి జిగురు మెత్తబడితే బ్రిడ్జి వెనక అంచు పైకి లేస్తుంది. దిగాక ఆ అంచు కింద పలచటి కాగితం దూర్చి చూడండి. దూరిందంటే తీగలు వదులు చేసి రిపేరుకి తీసుకెళ్లాలి, ఫెవిక్విక్ పూయకూడదు. రైల్లో అయితే పై బెర్తు తీసుకుని పక్కన పడుకోబెట్టుకోవడం ఉత్తమం. ఎలా వెళ్లినా తీగలన్నీ రెండు సెమిటోన్లు తగ్గించండి. పూర్తిగా వదిలేస్తే మెడ వెనక్కి వంగుతుంది.

శబ్దం తగ్గించాలంటే బ్రిడ్జి పక్కన తీగల కింద చేతిరుమాలు మడిచి దూర్చండి. గోడలకి గుడ్ల అట్టలు అంటిస్తే మాత్రం ఏమీ ఆగదు. శబ్దం వెళ్లేది తలుపు కింది సందులోంచి, వెంటిలేటర్లోంచి.

వాక్స్ ఆంప్‌ప్లగ్ 2

ముందే ఒక మాట: దీన్ని ఎఫ్310కి పెట్టలేరు. ఎఫ్310లో తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్ లేదు, పిన్ను గుచ్చే రంధ్రమే లేదు. ఎలక్ట్రిక్ గిటారుకే ఇది.

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. గిటారు జాక్‌లో గుచ్చి, ఇయర్‌ఫోన్ తగిలిస్తే ఆంప్ తయారు. రెండు ఏఏఏ సెల్స్ చాలు, సాకెట్ అక్కర్లేదు. ఒక్కో రకం ఒక్కో ఆంప్ నాదం ఇస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు ఏసీ30 రకం తీసుకుంటే అన్నిటికీ సరిపోతుంది. మెటల్ రకం వారంలో మొహం మొత్తుతుంది. ఆక్స్ సాకెట్లో ఫోన్ పెట్టి పాటతో పాటు వాయించొచ్చు. తీగల చప్పుడు మాత్రం గదిలో కాస్త వినిపిస్తుంది, దోమ గొంతంత.

అసలు తలనొప్పి సీలింగ్ ఫ్యాన్. చక్రంలా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు చాలావరకు ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో పనిచేస్తాయి. అవి కరెంటు తరంగాన్ని మధ్యలో కోసేస్తాయి. ఆ కోతే సింగిల్ కాయిల్ పికప్‌లోకి బుర్రుమనే రొదగా వస్తుంది. ఫ్యాన్ రెండు మూడు నంబర్ల మీదుంటే ఎక్కువ, ఫుల్లులో పెడితేనో ఆపితేనో తగ్గుతుంది. పాత ట్యూబ్‌లైటు చోక్‌ కూడా అంతే. గిటారు పట్టుకుని కుర్చీలో మెల్లగా తిరిగి చూడండి, ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది. యమహా పసిఫికా 012 లాంటి గిటారుకి బ్రిడ్జి దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్‌తో రొదని అణిచే పికప్) ఉంటుంది, సెలెక్టర్ దాని మీద పెడితే హాయి.

లాప్‌టాప్‌కి గిటారు శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో పెట్టి రికార్డు చేసేవాళ్లకి ఇంకో రొద తగులుతుంది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. ఆగిందంటే తప్పు సాకెట్ ఎర్తింగ్ వైపో, ఛార్జర్‌దో, గిటారుది కాదు. రికార్డింగ్ వరకు బ్యాటరీ మీదే కానిచ్చేయండి.

మిగతావి

వయొలిన్‌కి బ్రిడ్జి మీద బిగించే రబ్బరు ప్రాక్టీస్ మ్యూట్ చాలు. ఇనప మ్యూట్ ఇంకా బాగా అణుస్తుంది గానీ జారి పడితే వార్నిష్ గీరుకుపోతుంది. మృదంగం ఎడమవైపు పూసిన రవ్వ ముద్ద వాయించగానే పూర్తిగా గీకి తుడవాలి, లేకపోతే రాత్రికి బొద్దింకలు ఆ తోలు మీదే విందు చేసుకుంటాయి. వీణ ఇంట్లోనే ఉండనివ్వండి. ఫ్రెట్ల లాంటి మెట్లు నిలిచేది మైనం మీద. కిటికీ పక్క ఎండ రెండు గంటలు తగిలితే మైనం మెత్తబడి స్వరస్థానాలు కదులుతాయి, మళ్లీ మేళం కట్టే (మెట్లు సరిగ్గా కూర్చే) చెయ్యి క్యాంపస్‌లో దొరకదు.

అమెరికా డార్మ్‌కి ఇవే మోసుకెళ్లేవాళ్లు అడాప్టర్ మీద ఇన్‌పుట్ అంకె చదవండి. అక్కడ కరెంటు 120 వోల్టులు. 100–240 అని ఉంటే ప్లగ్ మార్చే కన్వర్టర్ చాలు. 220–240 అని మాత్రమే ఉంటే కీబోర్డుకి ఇప్పటి అడాప్టర్ ఇచ్చే వోల్టేజీనే ఇచ్చే కొత్తది అక్కడే కొనాలి. చలికాలం గది హీటర్ గాలిని మన మే నెల కన్నా ఎండబెడుతుంది కాబట్టి, గిటారు బ్యాగులో సర్దాల్సింది తడి స్పాంజి డబ్బా.