విండ్‌సర్ఫింగా, కైట్‌సర్ఫింగా: హైదరాబాదు నుంచి బయల్దేరే ముందు

తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి సాగితే విండ్‌సర్ఫింగ్, తాళ్లు కట్టిన పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద సాగితే కైట్‌సర్ఫింగ్. రెండింటిలో ఏది నేర్చుకోవాలో చెప్పే ముందు ఒక బిల్లు సంగతి. వాల్వు ఊడిన కైట్‌కి డబ్బు ఎవరు కట్టాలి? రామేశ్వరం దగ్గర ఒక శిక్షణ కేంద్రం బిల్లు చివర ‘పరికరానికి నష్టం: 6,500’ అని ఒక పద్దు చేర్చింది. నేర్పిన కుర్రాడి మీద ఫిర్యాదేమీ లేదు, ఓపికగా నేర్పాడు. ఫిర్యాదంతా ఆ పద్దు మీదే.

కైట్ ముందు అంచులో పొడవాటి గొట్టం ఉంటుంది, దాని లోపల పల్చటి బ్లాడర్, అంటే గాలి పట్టే సంచి. గాలి నింపే వాల్వుని బ్లాడర్‌కి జిగురుతో అతికిస్తారు. గాలి నింపిన కైట్‌ని ఇసుక మీద ఎండలో గంటలకొద్దీ వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, జిగురు మెత్తబడి వాల్వు చుట్టూ పొరలా లేస్తుంది. నేర్చుకునేవాడు చేసే నష్టం ఇలా ఉండదు. ఒడ్డున ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే కాబట్టి ముల్లు గుచ్చుకుంటే గుడ్డకి చిల్లు పడుతుంది, నీళ్ల మీద దబ్బున పడేస్తే కుట్టు దగ్గర చీలుతుంది. గుడ్డ చెక్కుచెదరకుండా జిగురు మాత్రం ఊడిందంటే అది పాత సరుకు. బ్లాడర్ బయటికి లాగి చూపించమని గట్టిగా అడిగితే 6,500 కాస్తా 2,000 అయింది. అసలు సున్నా కావాలి. పాఠం మొదలుకాక ముందే వాల్వులకీ, తాళ్ల ముడులకీ ఫోన్లో ఫొటోలు తీసిపెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

రెండో మెలిక గంటల లెక్క. పది గంటల కైట్ కోర్సు మనిషికి 38,000. హెల్మెట్ పెట్టుకున్న నిమిషం నుంచే గడియారం తిరుగుతుంది. గాలి పడిపోయి ఒడ్డున కూర్చున్నా తిరుగుతూనే ఉంటుంది. మాతో వచ్చిన బావగారు రెండో రోజు మధ్యాహ్నానికే ‘గంటకి 3,800 పెట్టి ఇసుకలో కూర్చోబెట్టారు’ అని మాట్లాడటం మానేశారు. గాలి లేని సమయం లెక్కలోకి రాదని కాగితం మీద రాయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక అసలు ప్రశ్న. మొదటిసారి నేర్చుకునే హైదరాబాదీకి నా ఓటు విండ్‌సర్ఫింగ్‌కే. కారణం గాలే. విండ్‌సర్ఫింగ్‌కి ఆరేడు నాట్ల గాలి, అంటే గంటకి పదకొండు నుంచి పదమూడు కిలోమీటర్ల వేగం ఉన్నా మొదలుపెట్టొచ్చు. కైట్‌కి కనీసం పన్నెండు నాట్లు, సుమారు 22 కిలోమీటర్లు ఉండాలి, అదీ ఆగకుండా వీయాలి. సముద్రం మీద అక్కడక్కడా తెల్లనురగ కనబడితే కైట్ గాలి వచ్చినట్టు. సెలవు పెట్టి వెళ్లేది నాలుగు రోజులు. అందులో రెండు రోజులు గాలి తేలిపోయినా విండ్‌సర్ఫింగ్ వాడు నీళ్లలో ఉంటాడు, కైట్ వాడు లాడ్జిలో ఉంటాడు.

మొదటి గంటలో విండ్‌సర్ఫింగ్ నడుము విరగ్గొడుతుందన్న మాట నిజమే, కానీ అది చేసే పద్ధతిలో లోపం. రెండు వందల లీటర్ల ఘనపరిమాణం ఉన్న వెడల్పాటి బోర్డు, నాలుగు చదరపు మీటర్ల తెరచాప అడగండి. చిన్న బోర్డు అంటగడితే వద్దనండి. గాలి వీపుకి తగిలేలా, తెరచాప స్తంభం మొదలుకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడాలి. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, నీళ్లలో పడున్న తెరచాపని పైకెత్తే తాడుని తొడల బలంతో లాగాలి. నీళ్లు తెరచాప మీంచి జారిపోయేదాకా తొందరపడొద్దు, ఆ నీళ్ల బరువే నడుము పట్టేయడానికి కారణం. తెరచాప లేచాక ముందు చెయ్యి బూమ్ (తెరచాపకి అడ్డంగా ఉండే, చేతులతో పట్టుకునే కడ్డీ) మీద, తర్వాతే వెనక చెయ్యి. వెనక చేత్తో ఒక్కసారిగా లాక్కుంటే మొహం ముందుకి పడతారు. స్తంభాన్ని వెనక్కి వాలిస్తే బోర్డు గాలికి ఎదురు తిరుగుతుంది, ముందుకి వాలిస్తే గాలివాలుకి తిరుగుతుంది. భయమేస్తే వదిలెయ్యండి, తెరచాప నీళ్లలో పడి ఆగిపోతుంది.

కైట్‌లోనూ భయమేస్తే వదలాల్సిందే, కానీ మనిషి స్వభావం దానికి వ్యతిరేకం. భయంతో బార్‌ని, అంటే కైట్ తాళ్లు కట్టిన కడ్డీని, గుండెల మీదికి లాక్కుంటాం. లాగితే బలం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అందుకే రెండు మూడు చదరపు మీటర్ల చిన్న కైట్‌తో ఒడ్డున గంటన్నరైనా ఆడించకుండా నేరుగా నీళ్లలోకి దింపే చోట చేరకండి. తర్వాత బోర్డు లేకుండా కైట్ లాగుతుంటే నీళ్లలో ఈడ్చుకుపోవడం, పడిన కైట్‌ని మళ్లీ లేపడం, ఆపైనే బోర్డు. కైట్ లాగే బలాన్ని ఒక్కసారిగా తీసేసే ఎర్రటి సేఫ్టీ పిడిని మీ చేత్తో ఒకసారైనా నిజంగా లాగించకపోతే అది శిక్షణ కాదు. ఈ మెట్లన్నీ దాటాక మాత్రం కైట్‌లో ఎదుగుదల వేగంగా ఉంటుంది. విండ్‌సర్ఫింగ్‌లో మొదటి రోజే పావుగంట నిలబడి వెళ్లొచ్చు, ఆ తర్వాత గట్టి గాలిలో చిన్న బోర్డు మీదికి మారడానికి ఏళ్లు పట్టొచ్చు.

హుస్సేన్ సాగర్‌లో కైట్ ఎగరేయొచ్చా అని అడిగేవాళ్లకి: వద్దు. తాళ్లే ఇరవై నాలుగు మీటర్లుంటాయి. చుట్టూ చెట్లు, స్తంభాలు, రోడ్డు. వానాకాలపు పడమటి గాలి నెక్లెస్ రోడ్డు వైపు చెట్లకీ కట్టడాలకీ తగిలి ముక్కలు ముక్కలుగా వస్తుంది, పట్టు తప్పినవాడిని తిన్నగా ట్యాంక్‌బండ్ రాళ్ల మీదికి తోస్తుంది. కానీ ఆ సాగర్‌లోనే జూన్ నుంచి ఆగస్టు దాకా తెరచాప పడవ నేర్చుకుంటే గాలి ఎటు మారుతోందో చదవడం వస్తుంది. సముద్రం దగ్గర గంటకి వేలు పోసి నేర్చుకునే మొదటి పాఠం అదే.

విండ్‌సర్ఫింగ్‌కి చెన్నై దగ్గరి కోవళం. రైల్లో రాత్రి ఎక్కితే తెల్లారి చెన్నై, అక్కడి నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద నలభై కిలోమీటర్లు. రెండు గంటల పాఠం 3,000, తర్వాత బోర్డు అద్దె గంటకి 1,000. నైరుతి రుతుపవనాల నెలల్లో పొద్దున్న గాలి పడమటి నుంచి, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది. తెరచాప పట్టుకున్నవాడిని అది తీరానికి రానివ్వదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాకే దిగాలి. ‘పొద్దున్నే వచ్చేయండి సార్, రేటు తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోకండి.

కైట్‌కైతే రామేశ్వరం. ధనుష్కోడి వైపు సన్నటి ఇసుక నాలుక, రెండు పక్కలా నీళ్లు, లోతు తక్కువ ఉండే చోట్లు. గాలి ఎటు వీచినా ఏదో ఒక పక్క పనికొస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం గాలి, డిసెంబరు చివర నుంచి మార్చి దాకా ఉత్తరం గాలి. అక్టోబరు, నవంబరు వానల్లో వెళ్లొద్దు. మదురై దాకా విమానం, అక్కడి నుంచి సుమారు 170 కిలోమీటర్లు, టాక్సీకి 4,500 తీసుకున్నారు. లాడ్జి 1,800. కుళాయిలో ఉప్పు నీళ్లే వస్తాయి కాబట్టి హార్నెస్ (కైట్‌ని తగిలించుకోడానికి నడుముకి కట్టుకునే పట్టా) కడగడానికి బకెట్ మంచినీళ్లు విడిగా అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే కూడా తీసుకెళ్లండి, గుళ్లో ఇరవై రెండు తీర్థాల స్నానం పూర్తయ్యేసరికి మీ పాఠం అయిపోతుంది.

ఈత రానివాళ్లు రెండింటికీ దూరంగా ఉండండి. లైఫ్ జాకెట్ ఉందిగా అనే కేంద్రాలకి మరీ దూరంగా ఉండండి.