స్ప్లిట్ నుంచి సరండ దాకా అద్దె కారులో: రోడ్డుకు ఐదుకు ఐదు మార్కులు, కాయితాలకు రెండు

నేను ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినా. అందులో పందొమ్మిదేళ్ళు తిరుమల ఘాట్ మీదే. రిటైరై రెండేళ్ళయింది. పోయిన అక్టోబర్‌లో మ్యూనిక్‌లో ఉండే మా పాప దగ్గరికి పోయినప్పుడు, పాప, అల్లుడు, నేను, మా ఆవిడ నలుగురం క్రొయేషియాలోని స్ప్లిట్ ఊళ్ళో కారు అద్దెకు తీసుకుని, సముద్రం పక్కనే మోంటెనెగ్రో మీదుగా అల్బేనియా అడుగున ఉండే సరండ దాకా పోయి వచ్చినాం. తిరిగొచ్చేటప్పుడు బోస్నియా ముక్క కూడా తగిలింది. ఎనిమిది రోజులు, నాలుగు దేశాలు, ఒకవైపే ఇంచుమించు 800 కిలోమీటర్లు. తిరుపతిలో పాత డ్రైవర్లు, వాళ్ళ పిల్లలు చాలామంది అడగతా ఉన్నారు, ఎట్లుండాది, మనం నడపగలమా అని. నడపగలం. అయితే కొన్ని చెప్పాల్సినవి ఉండాయి.

లైసెన్సు సంగతి ముందు. ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నా. ఫీజు వెయ్యి రూపాయలు, డాక్టరు సర్టిఫికెట్ ఒకటి, పాస్‌పోర్టు, వీసా కాపీలు. చిన్న బుక్కు ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది. మన లైసెన్సు కార్డు కూడా దాంతోపాటు చేతిలో ఉండాల్సిందే, ఒక్క బుక్కు చూపిస్తే చాలదు. వీసా షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) మల్టిపుల్ ఎంట్రీ, అంటే మళ్ళీ మళ్ళీ లోపలికి రానిచ్చేది, ఉండాలి. క్రొయేషియా 2023లో షెంగెన్‌లో చేరింది, మోంటెనెగ్రోలోకి పోతే షెంగెన్ దాటినట్టే, మళ్ళీ లోపలికి రావాలి కదా. సింగిల్ ఎంట్రీ తీసుకున్నోళ్ళు అక్కడే చిక్కుకుంటారు. మాకు మిగతా మూడు దేశాల్లోనూ ఆ వీసా చూపిస్తే చాలింది, వేరేది అడగలేదు. మీరు బయలుదేరే ముందు ఒకసారి ఆ దేశాల ఎంబసీ నిబంధనలు చూసుకోండి.

ఇక అద్దె కారు. కంపెనీ పేరు రాయను. ఎయిర్‌పోర్టు దగ్గర చిన్న ఆఫీసు, కౌంటర్లో పాతికేళ్ళ పిల్లోడు. మర్యాదగా మాట్లాడినాడు, అందులో వంక పెట్టడానికి లేదు. మొదటి చిక్కు డిపాజిట్ దగ్గర వచ్చింది. ఎవరు మెయిన్ డ్రైవరో వాళ్ళ పేరుతోనే క్రెడిట్ కార్డు ఉండాలంట. నా దగ్గర ఉండేది పెన్షన్ అకౌంటు డెబిట్ కార్డు. చివరికి పాపను మెయిన్ డ్రైవర్‌గా రాయించి, నన్ను రెండో డ్రైవర్‌గా రాయించుకున్నాం, దానికి రోజుకింత అని వేరే కట్టించుకున్నారు. నా లాంటి వాళ్ళు ఎవరైనా పోతే ఇది ముందే సర్దుకోండి, ఆ కౌంటర్ దగ్గర నిలబడి చేసే పని కాదు.

బండి చిన్న డీజిల్ కారు, చేతి గేర్లు. ఆటోమేటిక్ ఇస్తామన్నారు, నేనే వద్దన్నా. తాళం చేతికి ఇచ్చినాక నాలుగు టైర్లూ వేలితో గంట్లు చూసినా, ఫోన్ లైటు వేసి చక్రం సందులోంచి బ్రేకు ప్యాడ్లు చూసినా. బాగున్నాయి. డిక్కీ ఎత్తితే స్టెప్నీ లేదు. ఒక గుంటలో చిన్న కంప్రెసరు, ఏదో జిగురు సీసా. పంక్చరైతే అది కొట్టుకోవాలంట. టైరు గోడ చీలితే జిగురు ఏం చేస్తుంది? ఇప్పుడు యూరప్‌లో చానా కార్లు ఇట్లాగే వస్తున్నాయని అల్లుడు చెప్పినాడు. వస్తే రానీ. కొండ రోడ్డుకు పంపే బండికి స్టెప్నీ పెట్టడం నా లెక్కలో మర్యాద.

కుడివైపు నడపడం గురించి అందరూ భయపెడతారు. రోడ్డు ఒక్కరోజులో అలవాటైపోతుంది, చెయ్యి అలవాటు కాదు. ముప్పై ఏళ్ళు ఎడమచేత్తో గేరు వేసినోణ్ణి. అక్కడ గేరు కుడిచేతి పక్క. మొదటి రోజంతా మలుపు రాగానే నా ఎడమచెయ్యి దానంతటది పోయి తలుపుకు కొట్టుకునేది. ఓమిష్ చేరేసరికి వేలి ముడుసులు ఎర్రగా కందిపోయినాయి. అందుకే మొదటి రోజు యాభై కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు.

రోడ్డు పేరు ఏడ్రియాటిక్ మాజిస్ట్రాల, క్రొయేషియాలో నంబరు డి8. పాత యుగోస్లావియా కాలంలో వేసింది. ఎడమ చేతి పక్క బియోకోవో కొండ నిట్టనిలువుగా లేస్తుంది, శిఖరం 1,762 మీటర్లు, కుడిచేతి పక్క సముద్రం. ఒక ఉపయోగమైన మాట చెప్తా: ఉత్తరం నుంచి దక్షిణానికి పోండి. అప్పుడు మీ వరస సముద్రం అంచున ఉంటుంది, చూసుకోవడానికి ఆపాలంటే ఎదురు బండ్లను దాటకుండా కుడిపక్కకే తీసి ఆపొచ్చు. అయితే డ్రైవరు ఎడమ సీట్లో, అంటే రోడ్డు నడిమి వైపు కూర్చుంటాడు. లోయ కనిపించేది పక్క సీటు వాళ్ళకే. మొదటి రోజు మా ఆవిడ అక్కడ కూర్చుని, మకర్స్కా వచ్చేదాకా చీర కొంగు పిడికిట్లో నలిపేసింది. మరుసటి రోజు నుంచి పాప అక్కడ కూర్చుంది.

ఓమిష్, మకర్స్కా మధ్య బురా అనే గాలి కొట్టే చోట్లు ఉండాయి. కొండ మీద నుంచి సముద్రం వైపుకు చల్లటి గాలి ఒక్కసారిగా దూకుతుంది. రోడ్డు పక్కన గాలి సంచీలు కట్టి ఉంటాయి. గట్టిగా కొట్టే రోజుల్లో బైకులను ఆపేస్తారు. మేము పోయిన రోజు లేదు. బైకు మీద పోవాలనుకునే పిల్లలు మాత్రం పొద్దున లేచి గాలి వార్త చూడకుండా బయలుదేరొద్దు.

నెరెట్వా నది సముద్రంలో కలిసే చోట పది కిలోమీటర్లు చదును నేల, రోడ్డు పొడవునా నారింజల అంగళ్ళు. చిన్న సైజు మాండరిన్లు, అప్పుడే కోత మొదలైంది. దామలచెరువు రోడ్డు మీద మామిడికాయల బుట్టలు పెట్టుకుని కూర్చుంటారే, అట్లాగే. ఆడ ఒక ముసలమ్మ మాకు రెండు కిలోలు తూచి, పైన నాలుగు కాయలు వేసింది. ఏ దేశమైనా కొసరు కొసరే.

ఆ తర్వాత పెల్యేషాట్స్ వంతెన. 2022 జులైలో తెరిచినారు, 2,404 మీటర్లు. అంతకుముందు డుబ్రోవ్నిక్ పోవాలంటే బోస్నియా దేశం నడుమ దూరి రావాల్సిందే. 1699లో డుబ్రోవ్నిక్ వాళ్ళు వెనిస్‌కు భయపడి ఆ ముక్క తుర్కులకు వదిలేసినారంట, అందుకే బోస్నియాకు నేయుమ్ దగ్గర ఇరవై కిలోమీటర్ల సముద్రం దక్కింది. పోయేటప్పుడు వంతెన మీద పోయినాం, వచ్చేటప్పుడు నేయుమ్ మీదుగా. రెండు చెక్‌పోస్టులు ఎక్కువ, అంతే. తొందర లేకపోతే నేయుమ్‌లో డీజిల్ కొట్టించుకోండి, మాకు చవగ్గానే పడింది.

మోంటెనెగ్రోలో కోటోర్ సముద్రపాయ గురించి ఎంతైనా రాయొచ్చు, కానీ నేను చెప్పాల్సింది ఊరి వెనక కొండ ఎక్కే పాత రోడ్డు గురించి. ఇరవై ఐదు హెయిర్‌పిన్ మలుపులు. మన డౌన్ ఘాట్‌లో 36 మలుపులు, 1944లో వేసింది, విశ్వేశ్వరయ్య గారి ప్లాను. ఆ మలుపులన్నీ కళ్ళు మూసుకుని తిప్పినోణ్ణి. అయినా కోటోర్‌లో రెండో మలుపుకే నా అరచేతులు తడిసినాయి. కారణం మలుపు కాదు. తిరుమలలో 1974లో రెండో రోడ్డు వచ్చినాక పైకి ఒకటి, కిందికి ఒకటి, ఎదురుగా బండి రాదు. ఇక్కడ ఒక బండి పట్టే రోడ్డు మీద ఇద్దరూ వస్తారు. అంచున గోడ లేదు, అక్కడక్కడా మోకాలెత్తు రాతి దిమ్మెలు. తొమ్మిదో మలుపు తర్వాత కాబోలు, టూరిస్టుల వ్యాను ఒకటి ఎదురొచ్చింది. ఎక్కే బండికి దిగేవాడు దారివ్వాలని మన కాడ నియమం. కానీ వాడి వెనక ఇంకో రెండు కార్లు. నేనే నలభై అడుగులు వెనక్కి తీసి వెడల్పు చోట ఆపినా. అల్లుడు దిగి వెనక నిలబడి చెయ్యి చూపించినాడు, ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు దొరకని కండక్టరు. వ్యాను డ్రైవరు పక్కకు రాగానే అద్దం దించి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ పని తెలిసినోడే ఆ నమస్కారం పెడతాడు.

కోటోర్ చుట్టూ తిరిగే ఓపిక లేకపోతే కామెనారి నుంచి లెపెటానేకు ఫెర్రీ ఉంది. రాత్రీ పగలూ నడుస్తుంది, బుకింగ్ అక్కర్లేదు, కారుతో సహా ఎక్కితే కాసేపట్లో అవతల ఒడ్డు. పోయేటప్పుడు చుట్టూ తిరిగి, వచ్చేటప్పుడు ఫెర్రీ ఎక్కండి. మోంటెనెగ్రోలో పగలు కూడా హెడ్‌లైట్లు వేసే ఉండాలి, మరిచిపోవద్దు. యూరోలే నడుస్తాయి. అల్బేనియాలో లెక్, వేరే డబ్బు.

ఇప్పుడు రెండు మార్కుల సంగతికి వస్తా. అల్బేనియాకు పోతామని కౌంటర్లో ముందే చెప్పినాం. దానికి వేరే ఫీజు కట్టినాం. ఒప్పందంలో అల్బేనియా అని రాసి సంతకం పెట్టినాడు. గ్రీన్ కార్డు అంటారే, సరిహద్దు దాటితే పనిచేసే ఇన్సూరెన్స్ కాయితం, అది కవర్లో పెట్టి ఇచ్చినాడు. ఉల్సిన్ దాటి మురిచాన్ చెక్‌పోస్టుకు పోయినాం. ఆఫీసరమ్మ ఆ కాయితం తీసి చూసింది. దాంట్లో చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో దేశం అక్షరాలు. ఇన్సూరెన్స్ వర్తించని దేశం గడిని అడ్డంగా కొట్టేస్తారు. ఆమె వేలు పెట్టి చూపించింది. ఏ ఎల్ అనే గడి మీద అడ్డగీత. అల్బేనియా అంటే అదే. ఫీజు కట్టించుకుని పాత కార్డు ఇచ్చి పంపినారన్నమాట. వెనక బండ్లు హారన్లు కొడతా ఉండాయి. మా ఆవిడ ముఖం తెల్లబోయింది. పక్కనే ఇన్సూరెన్స్ గది ఉంది కాబట్టి సరిపోయింది, అక్కడే కొత్తగా కొనుక్కున్నాం, అరగంటలో అయిపోయింది. ఆ గది మూసిన వేళ పోయుంటే? లేదా ఆమె చూడకుండా వదిలి, లోపల ఎవరికైనా మా కారు తగిలుంటే? మాకు ఇన్సూరెన్సే లేదు కదా. ఆర్టీసీలో బండి డిపో దాటే ముందు లాగ్‌షీట్ చూడకుండా ఒక్కరోజు పోలేదు నేను. ఇక్కడ కవరు తెరవకుండా జేబులో పెట్టుకున్నా. కవరు తెరవండి, గళ్ళు ఒక్కొక్కటీ చూడండి, కౌంటర్ దగ్గరే చూడండి.

అల్బేనియాలో 1991 దాకా మామూలు మనిషికి సొంత కారు పెట్టుకునే హక్కే లేదంట. ఇప్పుడు ప్రతి కిలోమీటరుకూ లావాజ్ అని బోర్డు, కారు కడిగే అంగడి. వద్దు వద్దన్నా ఒకచోట ఆపి కడిగించినా. ఆ పిల్లోడు చక్రం లోపలి అంచు కూడా వేలితో తుడిచినాడు.

వ్లోర దాటినాక అయోనియన్ సముద్రం, ఎదురుగా లోగరా కనుమ. కింద 2024లో ఆరు కిలోమీటర్ల సొరంగం తెరిచినారు. అల్లుడు సొరంగం అన్నాడు, నేను కనుమ అన్నా. కనుమ వెయ్యి మీటర్ల పైన, ఇంచుమించు మన తిరుమల ఎత్తు. లారీలన్నీ సొరంగంలోకి పోయినాయి కాబట్టి రోడ్డు ఖాళీగా, ప్రశాంతంగా ఉంది. పైన పైన్ చెట్లు, తేనె సీసాలు, ఎండిన కొండ టీ కట్టలు అమ్మేవాళ్ళు. ఒక మలుపు తిరగ్గానే చెట్లు అయిపోయి, కాళ్ళ కింద సముద్రం. బండి ఆపేసినా. ఎవరం మాట్లాడలేదు.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఘాట్‌లో మాకు మొదట నేర్పేది అదే. రెండో గేరులో, బ్రేకు మలుపు ముందు మాత్రమే ముట్టుకుని దించినా. మన డౌన్ ఘాట్‌లో నలభై నిమిషాల కన్నా ముందు దిగితే టోల్‌గేటు దగ్గర ఆపుతారే, ఆ నలభై నిమిషాలు నాకు రక్తంలో ఉండాది. నడిమధ్యలో ఒక కారు పక్కకు ఆపి ఉంది, ముందు చక్రాల నుంచి కాలిన వాసన. కుర్రాడు నీళ్ళ సీసా మూత తీసి చక్రం మీద పొయ్యబోతా ఉన్నాడు. పోయి చెయ్యి పట్టుకున్నా. కాగిన డిస్కు మీద చల్లనీళ్ళు పోస్తే వంకర పోతుంది, పగిలినా పగులుతుంది. పాప ఇంగ్లీషులో చెప్పింది: అరగంట గాలికి వదిలెయ్యి, ఆటోమేటిక్‌లో తక్కువ గేరు పట్టే స్థానం ఉంటుంది, అందులో దిగు. మా చెనిక్కాయ పొడి, రొట్టె వాళ్ళకు కూడా పెట్టినాం, అరగంట కూర్చున్నాం. కింద ధెర్మి దగ్గర మా చక్రం పక్కన చెయ్యి పెట్టి చూసినా. గోరువెచ్చగా ఉండాది, అంతే.

సరండలో రెండు రాత్రులు ఉండి, వచ్చిన దారినే వెనక్కి. సాయంత్రం పూట ఎదురుగా గ్రీసు వాళ్ళ కోర్ఫు ద్వీపం దీపాలు కనిపిస్తాయి.

స్ప్లిట్‌లో కారు ఇచ్చేటప్పుడు ఆ పిల్లోడికి గ్రీన్ కార్డు తీసి ఆ అడ్డగీత చూపించినా. నిజంగానే ముఖం మాడిపోయింది. బార్డర్‌లో కట్టిన డబ్బులు, అల్బేనియా ఫీజు రెండూ వెనక్కి ఇచ్చినాడు. డిపాజిట్ తొమ్మిది రోజులకు వచ్చింది. తర్వాత వచ్చేవాళ్ళ సంగతేంది నాయనా అని అడిగినా. కవర్లన్నీ పెట్టే సొరుగు లాగి, నా ఎదురుగానే ఒక్కొక్క కార్డూ తెరిచి చూడటం మొదలుపెట్టినాడు. మేము బయటికి వచ్చేసరికి గీత ఉండే కార్డులు ఇంకో మూడు పక్కన పెట్టినాడు.