సెంగెనిద్ గోడ దగ్గర ఒక పూట

వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు అందరూ కోట చూడమన్నారు, నేను సెంగెనిద్ అనే బొగ్గుబాయి ఊరు, అక్కడి గని ప్రమాద స్మారకం చూస్తానన్నాను. "అక్కడేముందక్కా, బాయి ఎప్పుడో బందైంది" అని వాడి గొణుగుడు. కానీ నాన్న గోదావరిఖనిలో బాయి దిగినవాడు. 2003 జూన్‌లో 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయిన రోజు మా వాకిట్లో ఎవరూ పొయ్యి ముట్టించలేదు.

సెంగెనిద్‌కు కార్డిఫ్ నుంచి కేర్‌ఫిల్లీ దాకా రైలు, 20 నిమిషాలే. అక్కడి నుంచి బస్సు. మేం ఆదివారం వెళ్లి తప్పు చేశాం, చలిలో ముప్పావు గంట నిలబడ్డాం. ఊళ్లో టీ కూడా దొరకలేదు, కాబట్టి ఫ్లాస్కు పట్టుకెళ్లండి. వలంటీర్లు నడిపే చిన్న మ్యూజియం ఉంది, తెరిచే వేళలు ముందే కనుక్కోండి, మాకు మూసి ఉంది.

ఇక్కడి యూనివర్సల్ గనిలో 1901లో పేలుడు జరిగి 81 మంది, మళ్లీ 1913 అక్టోబర్ 14న 439 మంది, వాళ్లను కాపాడబోయిన ఇంకొకరు చనిపోయారు. బ్రిటన్‌లో ఇంతకన్నా పెద్ద గని ప్రమాదం లేదు. మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా వేశారట, అది చదివి తమ్ముడు నోరెత్తలేదు. సరిగ్గా వందేళ్లకు, 2013లో, ఊరివాళ్లు పట్టుబట్టి సాధించుకున్న స్మారకం ఇది. కంచు విగ్రహంలో రక్షకుడు సాటి కార్మికుణ్ని ఆదుకుంటున్నాడు. బాగుంది, కానీ నన్ను నిలబెట్టింది గోడ. ఒక్కో పలకమీద ఒక్కో పేరు, వయసు. డేవిస్, ఎవాన్స్, జోన్స్, ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ అవే, అన్నదమ్ములో తండ్రీకొడుకులో తెలియదు. వాన తడికి మెరుస్తున్న ఒక పలక తుడిచి చూస్తే 14 ఏళ్లు.

బస సంగతి: కేర్‌ఫిల్లీలో తీసుకున్న గదికి ఫొటోలో కిటికీలోంచి ఆ ఊరి కోట కనబడింది, మాకు కనబడినవి చెత్తడబ్బాలు. టిఫిన్ మాత్రం వంక పెట్టడానికి లేదు. అయినా కార్డిఫ్‌లోనే ఉండి వెళ్లిరావడం నయం. కారుంటే బ్లేనావన్‌లోని బిగ్ పిట్ అనే పాత బొగ్గు గని కూడా చూడండి, ఇప్పుడది మ్యూజియం, ఫోన్లు పైనే పెట్టించి 90 మీటర్ల లోపలికి దింపుతారు, చూపించేవాళ్లు ఒకప్పుడు గనిలో పనిచేసినవాళ్లే. నడుముకు ల్యాంపు బ్యాటరీ కట్టుకున్నాక గానీ నాన్న నడుంనొప్పి నాకు అర్థం కాలేదు.

గోడ దగ్గర్నుంచే నాన్నకు వీడియో కాల్ చేశాం. "ఏ షిఫ్టు బిడ్డా?" అన్నాడు. పొద్దున ఎనిమిది దాటాక అన్నాను. "ఫస్ట్ షిఫ్ట్ అన్నట్టు" అని, వయసులు చదవమన్నాడు. తమ్ముడు ఫోన్ పట్టుకుని పలక పలకా చదువుతూ పోయాడు, మా బస్సు వచ్చి వెళ్లిపోయింది.